తాళం వేసిన ఇంటికి ఫైర్ డ్రిల్

లింగన్న ఉద్యోగమంతా తలుపుల దగ్గరే. కుందలహళ్ళి దగ్గర ఒక టెక్ పార్కులో, అద్దాల మేడ నాలుగో అంతస్తులో సెక్యూరిటీ గార్డు. నీలం చొక్కా, మెడలో విజిలు, పాలిష్ పెట్టిన బూట్లు. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు కాఫీ కప్పులతో వస్తుంటే తలుపు తెరిచి పట్టుకుని "గుడ్ మార్నింగ్ సార్" అంటాడు. వాళ్ళలో సగం మంది అతని మొహం కూడా చూడరు. దానికి అతనేమీ నొచ్చుకోడు. మనిషి మెత్తన.

ఇంత మెత్తని మనిషి రోజూ పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే ముందు కన్నతల్లిని గదిలో కూర్చోబెట్టి, బయటినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ పోయేవాడు. వినేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది, నాకు తెలుసు. కానీ ఆ తాళం ఎందుకు పడిందో తెలుసుకున్నాక తిట్టడానికి నోరు రాదు.

లింగన్నది మడకశిర పక్క పల్లె. బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయిన ఏడు పెళ్ళాం ఆదెమ్మను, చంకలో బిడ్డను, తల్లి హనుమక్కను వెంటబెట్టుకుని బెంగళూరు బస్సెక్కాడు. అప్పటికి ఇంకా తొంభైలే. మడివాళ మార్కెట్టు వెనక చిన్న గది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మేడలు కట్టేచోట ఇసుక, ఇటుకలు మోశారు. బిడ్డ ప్రియాంకను పెంచింది మాత్రం హనుమక్కే. మార్కెట్టులో రాలిపోయిన ఆకుకూరలు ఏరి తెచ్చి, వాటితోనే పప్పు ఎనిపి, ఇంటిల్లిపాదికీ కమ్మగా పెట్టేది. ఊరు కాని ఊర్లో, భాష కూడా సగమే తెలిసిన చోట, ఆమె ఒక్కరోజు కూడా బెదరలేదు.

పరంజా మీదినుంచి పడి మోకాలు దెబ్బతిన్నాక లింగన్నకు బరువులు మోసే పని చేతకాలేదు. ఎవరో తెలిసినాయన మాటసాయంతో గార్డు ఉద్యోగం దొరికింది. కాపురం మహదేవపురకు మారింది. చిక్కమునియప్ప అనే ఆసామి వఠారంలో ఒక గది. వరసగా గదులు, పైన రేకులు, ఆ చివర అందరికీ ఒకటే మరుగుదొడ్డి, వాకిట్లో నీళ్ళ సంపు. ఆదెమ్మ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పనికి కుదిరింది. ప్రియాంక బడికి పోయేది. హనుమక్క ఇంట్లో ఉండేది. రెండు జీతాల మీద ఇల్లు ఎలాగో నడిచేది.

అప్పుడే హనుమక్కకు మరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, నవ్వుకున్నారు. తర్వాత మనవరాలి పేరు పోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం గిన్నె పెట్టకుండానే కిరోసిన్ స్టవ్ వెలిగించి, దాని ముందు చలి కాచుకుంటూ కూర్చుంది. పెద్దాసుపత్రిలో చూపిస్తే డాక్టరు వయసుతో వచ్చే జబ్బన్నాడు. మాత్రలు రాశాడు. మనిషి ఒకరు ఎప్పుడూ దగ్గరుండాలన్నాడు. ఆ మనిషిని ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం చీటీలో రాయలేదు.

తాళం వేయడం అప్పుడే మొదలైంది. మొదట్లో చెవి పక్కగది సమీనా దగ్గర ఉండేది. సమీనా మొగుడు మహబూబ్ బాషా ఆటో తోలతాడు. కదిరి వాళ్ళు. ఆమె ఇంట్లోనే రవికెలు కుడుతుంది. ఒకరోజు ముసలామె కిటికీ దగ్గర నిలబడి బిడ్డలా ఏడుస్తుంటే సమీనా గుండె కరిగి తలుపు తీసింది. తన గదిలోకి పోయి నీళ్ళు తెచ్చేలోగా హనుమక్క లేదు. మరుసటిరోజు సాయంత్రానికి మడివాళ మార్కెట్టులో ఉల్లిగడ్డ మూటల సందున కనబడింది. చెప్పుల్లేవు, అరికాళ్ళు పగిలి రక్తం. పాత గది వెతుక్కుంటూ పోయిందట. దారిలో ఎన్ని రోడ్లు దాటిందో, ఎన్ని లారీలు ఆమెను తప్పుకుని పోయాయో దేవుడికే తెలియాలి. ఆ రాత్రి నుంచి చెవి లింగన్న జేబులోకి చేరింది.

అలా తాళంతోనే రెండేళ్ళు నడిచింది. హనుమక్క కిటికీ దగ్గర కూర్చుని సంపు దగ్గర బిందెల కొట్లాటలు చూసేది, తనలో తనే నవ్వుకునేది. పెట్టిపోయిన అన్నం ఒక్కోసారి తినేది, ఒక్కోసారి కిటికీలోంచి కాకులకు వేసేది. ఏడ్చేది కాదు.

చిక్కు తెచ్చింది ఆఫీసులో ఫైర్ డ్రిల్. ఏడాదికోసారి గంట మోగిస్తారు, అందరూ మెట్లు దిగి కింద మైదానంలో నిలబడతారు, లెక్కపెట్టుకుని మళ్ళీ పైకి పోతారు. గార్డులకు ముందుగా ఒక పూట పాఠం. చెప్పడానికి వచ్చినాయన మీసాలాయన, కంచు కంఠం. "తాళం వేసిన తలుపు మంటల్లో తలుపు కాదు, గోడ. గుర్తుపెట్టుకోండి" అన్నాడు. అని ఊరుకున్నాడా? అందరూ ఇళ్ళకు పోయి, పెళ్ళాం బిడ్డలతో కూర్చుని మాట్లాడుకోవాలన్నాడు. బయటపడటానికి రెండు దారులు చూసుకోవాలి, అందరూ చేరే చోటు ఒకటి అనుకోవాలి, ముసలివాళ్ళను ఎవరు పట్టుకొస్తారో ముందే తేల్చుకోవాలి. మిగతా గార్డులు తలలూపి టీకి పోయారు. లింగన్న జేబులో చెవిని తడుముకుంటూ అక్కడే కూర్చున్నాడు.

ఆ వారమే వఠారం మీటరు బోర్డులో నిప్పురవ్వలు లేచి వైరు అంటుకుంది. వరసంతా నల్లటి పొగ. మహబూబ్ బాషా ఇసుక చల్లి ఆర్పేశాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం లింగన్న ఇల్లు చేరేసరికి సమీనా ఎదురొచ్చింది.

"అందరం బయటికొచ్చేసినామన్నా. అవ్వొకతే లోపల. పొగలో దగ్గుతా, కిటికీలోనించి మమ్మల్ని చూసి నవ్వుతాండాది. నా చేతిలో బీగంచెవి ల్యాకపాయె. తలుపు కొట్టి కొట్టి నా చేతులు నొచ్చినాయి."

లింగన్న గబగబా తాళం తీసి లోపలికి పోయాడు. తల్లి కొంగు ఇంకా పొగ వాసన వేస్తోంది.

ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నారు. ప్రియాంకకు ఇలాంటివి భలే ఉత్సాహం. సుద్దముక్కతో నేలమీద ఇల్లు గీసింది. గీయడానికి ఎక్కువేమీ లేదు. ఒక గది, ఒక వాకిలి, చువ్వల కిటికీ ఒకటి. మొదటి దారి అని వాకిలి దగ్గర ఒక బాణం వేసింది. రెండో దారి ఎక్కడ వేయాలో తెలియక సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది.

లింగన్న పోయి చిక్కమునియప్పను అడిగాడు. వెనకవైపు ఇంకో వాకిలి కొట్టించమని, అది కాకపోతే కిటికీ చువ్వలు తీసి రెక్క పెట్టించమని. చిక్కమునియప్ప చెడ్డవాడు కాదు, పకపకా నవ్వాడంతే.

"ఏమప్పా లింగన్నా, ఒక గదికి రెండు వాకిండ్లు యాడన్నా చూసినావా? ఎనక గోడ నాది కాదు, పాతినుము కొనే గుజరీ అంగడోనిది. చువ్వలు పీకితే రేపు దొంగోడు దూరినాడని మళ్ళ నా మీదికే వస్తావు. మీ అమ్మ బీగం లోపల సల్లగా ఉండాది కదప్పా, నీకేల ఈ పీకులాట?"

ఇంటికొచ్చాక మాట్లాడుకోవడానికి మిగిలింది ఆ ఒక్క వాకిలి, దాని తాళం. తాళం తీసేస్తే ముసలామె లారీ కింద పడుతుంది. వేస్తే మంట వచ్చిననాడు లోపలే పోతుంది. ఆదెమ్మ పని మానేస్తే అద్దెకు దారి లేదు. ఊర్లో చూసుకునేవాళ్ళు లేరు. ఎవరో చెబితే ఒక ఆశ్రమానికి పోయి అడిగారు. దారి తప్పిపోయేవాళ్ళను చేర్చుకునేది లేదన్నారు అక్కడివాళ్ళు. ఎటు తిరిగినా మళ్ళీ అక్కడికే రావడంతో లింగన్నకు తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి కాళ్ళావేళ్ళా పడి సమీనాను ఒప్పించారు. రెండో చెవి ఒకటి చేయించి ఆమెకిచ్చేటట్టు.

"వద్దన్నా, నా చేతికియ్యొద్దు. ఆ పొద్దు అవ్వ ఏడ్సిందని తెరిసినా. మీకు అవ్వ దొరికేదాకా నాకు ముద్ద దిగలే" అంది సమీనా.

"ఈసారి ఏడ్సినా తెరవద్దు తల్లీ. అరిసినా తెరవద్దు. అగ్గి అని వినపడితేనే తెరువు. దానికొక్కదానికే" అన్నాడు లింగన్న.

ఆ మాట మీదే ఆమె చెవి తీసుకుని మిషను పక్కన మేకుకు తగిలించుకుంది. లింగన్నకు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడింది.

ఇక మిగిలింది తల్లికి నేర్పడం. తలుపు తీసినా ఆమె నవ్వుతూ కూర్చుంటే ప్రయోజనమేముంది? తలుపు మూసి, కాసేపాగి, ప్రియాంక చప్పట్లు కొడుతూ "ఫైర్! ఫైర్!" అని అరిచింది. లింగన్న విజిలు ఊదాడు. హనుమక్క మనవరాలిని చూసి మురిసిపోయి తనూ చప్పట్లు కొట్టింది. మళ్ళీ చేశారు, మళ్ళీ కొట్టింది.

"నాయినా, అవ్వకి ఫైర్ అంటే ఏం తెలుస్తాది? మీ ఊర్లో ఎట్లంటారో అట్ల చెప్పు" అంది ప్రియాంక.

వాళ్ళ పల్లెలో ఇళ్ళన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. ఎండాకాలం గాలి తిరిగిందంటే ఒకటి అంటుకునేది, దాని పక్కది అంటుకునేది. అప్పుడు చూసినవాళ్ళు చూసినట్టు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక కేక వేసేవాళ్ళు. లింగన్న ఆ కేక విని పదేళ్ళు దాటింది. అయినా గొంతు దానికదే ఎత్తుకుంది.

"అగ్గో... అగ్గీ! కొట్టం అంటుకుండాదో!"

హనుమక్క మొహం మారిపోయింది. ఎన్నేళ్ళుగానో ఎటో చూస్తున్న కళ్ళు ఒక్కసారిగా ఇక్కడికి వచ్చాయి. గోడ పట్టుకోకుండా లేవలేని మనిషి చివాలున లేచింది. లేచి వాకిలివైపు రాలేదు. గది మూలకు ఉరికి, చుట్టిపెట్టిన బొంతల మీద పడి ఒక్కొక్కటీ లాగి పారేయసాగింది.

"నా బిడ్డ! నా బిడ్డ లోపలుండాడు! ఓరి దేవుడో, ఎవురన్నా రాండప్పా!"

ఆ బిడ్డ ఎవరో లింగన్నకు తెలుసు. అతను పాలు తాగే వయసులో వాళ్ళ కొట్టం కాలిపోయింది. బయటపడ్డ హనుమక్క ఊరంతా వద్దంటున్నా మళ్ళీ మంటల్లోకి దూరి అతణ్ణి తెచ్చింది. ఆమె మోచేతి మీద ముడుతలు పడిన మచ్చ అప్పటిదే. చిన్నప్పుడు ఆ మచ్చ మీద చెయ్యి వేసుకునే అతను నిద్రపోయేవాడు.

భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. "అమ్మా, నేనేమ్మా నీ బిడ్డను. లింగన్నను. ఈడనే ఉండా, చూడు."

ఆమె చూసింది. తన ముందు నెరిసిన మీసాల మగమనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో ఛాతీ మీద బలంగా నెట్టింది.

"ఎవురప్పా నువ్వు? దోవ ఇడు. పసిగుడ్డు, కాలిపోతాడు!"

లింగన్న గడప మీద కూలబడి ఏడ్చాడు. పెళ్ళాం, కూతురు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. తనకోసం ఇంత ఆరాటపడుతున్న తల్లికి తను ఎదురుగా ఉండి కూడా దొరకలేదు. అంతకన్నా పెద్ద కష్టం అతని బతుకులో అంతవరకూ రాలేదు.

దారి చూపింది ఆదెమ్మ. "బిడ్డ దొరికితే అత్త బయటికొస్తాది కదా. మనమే ఒక బిడ్డను పెడదాం" అంది. పాత దిండుకు మెత్తని చీరముక్క చుట్టి, పసిబిడ్డంత మూట కట్టి, వాకిలి పక్కనే పడుకోబెట్టింది. మళ్ళీ తలుపు మూసి కేక వేశారు. హనుమక్క లేచింది, మూటను చూసింది, లటుక్కున ఎత్తి ఎదకు అదుముకుంది. ఆదెమ్మ తలుపు తెరవగానే ఒక్క పరుగున వాకిట్లోకి వచ్చి సంపు మీద కూర్చుంది. వఠారంలో వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. లింగన్న ఆనందం పట్టలేక సందు చివరి అంగడినుంచి వేడివేడి బజ్జీలు తెచ్చి అందరికీ పంచాడు.

అక్కడితో ఆపి ఉంటే ఏమయ్యేదో! కానీ ఆమెది మరుపు జబ్బు. ఒకసారి చెబితే నిలవదు, పదేపదే చేయిస్తే నిలుస్తుందనుకున్నాడు లింగన్న. ప్రతి ఆదివారం చేయించాడు, వీలు దొరికినప్పుడల్లా సాయంత్రాలు కూడా చేయించాడు. తలుపు మూయడం, కేక వేయడం, తలుపు తెరవడం. అతను అనుకున్నట్టే అది నిలిచింది. కొడుకు మొహం నిలవని బుర్రలో, మనవరాలి పేరు నిలవని బుర్రలో, అది మాత్రం గట్టిగా నిలిచింది.

ఒక సోమవారం లింగన్న తాళం వేసి అలా వీధి మలుపు తిరిగాడో లేదో, లోపలినుంచి కేక లేచింది. "అగ్గో అగ్గీ! తలుపు తీయండప్పా! నా చేతిలో బిడ్డ ఉండాడు!" సమీనా కుడుతున్న రవికె కింద పారేసి ఉరికి వచ్చింది. తలుపు తీస్తే పొగా లేదు, మంటా లేదు. హనుమక్క మూటతో పరుగెత్తి సంపు మీద కూర్చుని గడగడ వణికిపోతోంది. సమీనా నీళ్ళు తాగించి, వీపు నిమిరి, మెల్లగా లోపల కూర్చోబెట్టి తాళం వేసింది. తాళం పడిన చప్పుడుకు కేక మళ్ళీ మొదలైంది.

ఆ రోజునుంచి ఆ గదిలో పగలంతా అగ్గే. తలుపు మూస్తే ఆమెకు కొట్టం అంటుకున్నట్టే. అంతకుముందు కిటికీ దగ్గర కూర్చుని నవ్వుకునే మనిషి ఇప్పుడు మూటను చంకనేసుకుని రెండో చేత్తో తలుపు బాదుతూ పొద్దంతా గడిపేది. అన్నం ముట్టేది కాదు. సాయంత్రానికి గొంతు పీలగా అయిపోయేది, అరచెయ్యి వాచిపోయేది.

లింగన్న మూటను దాచి చూశాడు. అప్పుడామె గోళ్ళతో గోడలు గీకుతూ, బిడ్డ కాలిపోయాడని గుండెలు బాదుకుంది. చూడలేక మళ్ళీ తెచ్చి చేతిలో పెట్టాడు. సెలవు పెట్టి, తలుపు బార్లా తెరిచి, గడపకు అడ్డంగా కూర్చున్నాడు. ఆ పొద్దంతా ఆమె మూటను ఒళ్ళో ఊపుతూ జోల పాడుకుంది. అగ్గి ఆరిపోయిందమ్మా అంటే, "ఆరిపాయనా అప్పా? సల్లగుండు" అని దీవించింది. మరునాడు తాళం పడగానే ఆ మాటా లేదు, ఆ చల్లదనమూ లేదు. సెలవులు అయిపోయాయి. ఆదెమ్మ కొన్నాళ్ళు పని మానితే ఫ్యాక్టరీలో ఆమె మిషను దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టారు. బతిమాలుకుని మళ్ళీ చేరింది. నేర్పినదాన్ని మరిపించే విద్య ఎవరికీ తెలియదు. ఈ ఒక్కటన్నా మరిచిపోనివ్వు దేవుడా అని లింగన్న దండం పెట్టుకున్నాడు. అన్నీ మరిచిన మనిషి అదొక్కటి మరవలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం లింగన్న డ్యూటీ దిగి వచ్చేసరికి సమీనా వాకిట్లో కూర్చుని రవికెకు హుక్కులు కుడుతోంది. అతని పీక్కుపోయిన మొహం చూసి ఆమెకు జాలేసింది. ధైర్యం చెప్పాలనుకుంది పాపం.

"అన్నా, నువ్వింక దిగులు పడొద్దు. మా పగటి నిద్దర చెడిపోతాదని, పని చెడిపోతాదని మనసులో ఏం పెట్టుకోవద్దు. మాకందరికీ అలవాటైపోయింది. అవ్వ అగ్గి అగ్గి అని ఎంత అరిసినా ఇప్పుడు ఎవురమూ లెయ్యం. మొదట్లో నేనే పరిగెత్తుకోని వస్తాంటి కదా, ఇప్పుడు మిషను గూడా నిలపను. ఆడుకునే పిల్లోళ్ళు గూడా తిరిగి చూడరు. నువ్వు నిమ్మళంగా డ్యూటీ చేసుకో."

ఆమె మంచితనానికి దండం పెట్టాలో, అక్కడే తల బాదుకోవాలో లింగన్నకు తెలియలేదు. "సరే తల్లీ" అని మాత్రం అన్నాడు.

లోపల తలుపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. తాళం తీశాడు. హనుమక్క బయటికి దూకలేదు. మొహమంతా చెమట, కాళ్ళలో సత్తువ లేదు. ఎదురుగా ఉన్న మగమనిషిని చూసి, చంకలో మూటను రెండు చేతులా ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

"వచ్చినావా అప్పా? అరిసి అరిసి చస్తి, ఒక్కరన్నా పలకలే. నన్ను తర్వాత చూద్దువు, ముందు ఈన్ని బయటికి తీసకపో. పేరు లింగన్న. పాలు తాగే బిడ్డ, బద్రంగా పట్టుకో."

"పట్టుకుంటానమ్మా" అన్నాడు లింగన్న. మూటను ఎదకు ఆనించుకుని సంపు దాకా నడిచి, అక్కడ ఆమె కళ్ళకు కనబడేటట్టు కూర్చున్నాడు. రేపు పొద్దున డ్యూటీకి పోయే ముందు మళ్ళీ ఆ తలుపుకు తాళం వేయాలి.